బాబాయిగారు చెప్పిన ముగింపు

మా పక్కింటి డ్రైవరు బాబాయిగారు పోయారు. రేపల్లె నుంచి వాళ్ళమ్మాయి, నేను అక్కా అని పిలిచే ఆవిడ, ఈ మాట చెప్పేటప్పటికి నేను బాపట్లలో మా ఇంజనీరింగ్ కాలేజీ క్యాంటీన్లో రెండో సమోసా మీదున్నాను. కొత్త సెల్‌ఫోన్ మోగిందని నలుగురూ చూసేలా ఎత్తాను. విన్నాక సమోసా మెల్లగా కింద పెట్టేశాను. గౌరవంతో అని రాసుకోవచ్చు గానీ, నిజానికి భయంతో. ఆయన పుస్తకం ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది.

బాబాయిగారు బొగ్గింజన్ల కాలంలో రైలు నడిపిన మనిషి. రిటైరై తెనాలిలో మా పక్కన ఇల్లు కట్టుకున్నాక కూడా కుర్చీలో ఓ పక్కకి వాలి, తల బయటికి పెట్టినట్టే కూర్చునేవారు. కుక్కర్ దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు, పిన్నిగారితో సహా. ఆవిరితో పని, అజాగ్రత్త పనికిరాదనేవారు, లోపల కందిపప్పు ఉడుకుతుండగా.

ఆయనకి నచ్చిన నవల ఒక్కటే. అట్ట ఊడిపోయింది, పేరున్న పేజీ కూడా పోయింది. ఆవిరి పుస్తకం అనేవాళ్ళం. అందులో విజయనగరం ఓడిపోదు. కరెంటు రాదు, పెట్రోలు దొరకదు, లోకమంతా ఆవిరి మీదే నడుస్తుంది. కృష్ణ కాలవల్లో ఆవిరి పడవలు, పొట్టలో బాయిలర్లున్న ఇత్తడి ఏనుగులు, రాయల సైన్యానికి ఇంజను నడిపే ఒక ఆడపిల్ల.

నాకు మెకానికల్లో సీటొచ్చిందని స్వీట్లు పట్టుకెళ్తే, ఆయన ఈ పుస్తకం నా చేతిలో పెట్టారు. ఇవన్నీ ఎప్పుడు జరిగాయండీ అని నవ్వాను.

"చరిత్రంటే ఏంట్రా? పట్టాలు మార్చేచోట ఒకడు కునుకు తీశాడు, బండి ఇటొచ్చేసింది. వాడు మేలుకునుంటే ఎటు పోయేదో, అదీ పుస్తకం. చదివి రా, మాట్లాడుకుందాం. ఆవిరి తెలిసినవాడు పుస్తకం చదవడు, చదివేవాడికి ఆవిరి తెలీదు. నువ్వొక్కడివే దొరికావు."

అంతటితో ఆగుంటే బాగుండేది. ఆఖర్న బాయిలర్ పేలి ఆ పిల్ల చచ్చిపోతుందిలే అని కూడా చెప్పేసి, మైసూర్‌పాక్ నోట్లో వేసుకున్నారు. ముగింపు తెలిసిన నవల చదవడం నా సిద్ధాంతానికి విరుద్ధం. ఆ సిద్ధాంతం ఆ క్షణంలోనే పుట్టింది. పుస్తకం వెళ్ళి మా టేబుల్ ఫ్యాన్ కింద ఎత్తుగా చేరింది.

నెలకోసారి అడిగేవారు. సగంలో ఉన్నానండి అనేవాణ్ణి. సెకండియర్లో ఒకరోజు విసుగుపుట్టి, అయిపోయిందండి అనేశాను. లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ఎప్పుడూ వాలి కూర్చునే మనిషి నిటారుగా కూర్చున్నారు. నేనిక విజృంభించాను. ఆ పేలుడు వర్ణన న భూతో అన్నాను. ప్రెషర్ లెక్క కూడా సరిపోయిందని మెకానికల్ విద్యార్థిగా హామీ ఇచ్చాను. ఆ పిల్ల పోయే పేజీ దగ్గర కన్నీళ్ళాగలేదన్నాను.

"ఏడ్చావా?"

"ఏడ్చానండి."

"మంచిది. కాఫీ తాగు."

ఆ తర్వాత పుస్తకం ఊసెత్తలేదు, తిరిగిమ్మనీ అడగలేదు. నేను పాసయ్యాననుకున్నాను. ఆ వేసవిలో ఆయనా పిన్నిగారూ అక్క ఉండే రేపల్లెకి మారిపోయారు.

ఫోనొచ్చిన మర్నాడు తెనాలిలో మా ఇంటికెళ్ళి, పుస్తకం దుమ్ము దులిపి రేపల్లె ప్యాసింజరెక్కాను. ఆఖరి అధ్యాయమైనా చదవకుండా ఆ ఇంటి గడప ఎలా తొక్కడమని సిగ్గేసి, తెరిచాను. బాయిలర్ పేలలేదు. ఆ పిల్ల చావలేదు. యుద్ధం మధ్యలో ఇంజనాపి, పొయ్యిలో నిప్పంతా కిందికి దించేసి, ఇంక నడపనని చెప్పి చేలగట్ల మీద నడుచుకుంటూ వెళ్ళిపోయింది. రెండుసార్లు చదివాను. పేలుడు ఎక్కడా లేదు.

రేపల్లెలో అక్కని అడిగాను.

"అందరికీ అదే తప్పు ముగింపు చెప్పేవారు తమ్ముడూ. ఇదేంటండీ అబద్ధం చెప్పారని పోట్లాటకొచ్చినవాడే నిజంగా చదివినవాడు అనేవారు. ఎవరూ రాలేదు."

"నేను చదవలేదని తెలిసీ నన్నేమీ అనలేదేంటక్కా?"

"నువ్వైనా పోట్లాడతావనుకున్నారు," అంది అక్క. "ఏడ్చానన్నావంట."

ఒక్క తిట్టు తిట్టుంటే ఆ వారంలోనే చదివేసేవాణ్ణి. కాఫీ ఇచ్చి పంపేశారు. నాకు తెలిసి నాకింత ద్రోహం ఎవరూ చెయ్యలేదు. నేను ఆయనకి చేసింది దీనికంటే పెద్దదని ఒప్పుకోడానికి మాత్రం ఇంకొంచెం టైము కావాలి.

పాఠకులారా, ఆ పుస్తకం మీకెక్కడైనా దొరికితే చదవండి. ముగింపులో ఒక పేచీ ఉంది. నిప్పు దించేసినంత మాత్రాన ఆవిరి వెంటనే చల్లారదు, బాయిలర్లో గంటలకొద్దీ ఉంటుంది. రచయిత మాత్రం ఇంజను అప్పటికప్పుడే మూగబోయిందని రాశాడు. ఇది తప్పా, లేక ఆ పిల్ల చెవికి అలా అనిపించిందా? ఇప్పుడు నాకిది తేలాలి. తేల్చగలిగిన మనిషి ఒక్కరే.

సాయంత్రం తిరుగు బండి కోసం స్టేషన్లో కూర్చున్నాను. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. డీజిలింజను బోగీల్ని వదిలేసి, అవతలి చివర తగులుకోడానికి పక్క పట్టాల మీద ఒక్కటే మెల్లగా వచ్చింది. ఒక్కో బోగీనీ దాటుకుంటూ వెళ్ళింది. నేను లేచి నిలబడి, ఎవరితోనో వాదన మొదలుపెట్టబోయినవాడిలా, అది ఆఖరి బోగీ దాటేదాకా చూస్తూనే ఉన్నాను.