పీకొద్దన్న హెడ్‌లైటు

ఆ రోజుల్లో ఉదయగిరిలో అసూయపడదగ్గ వస్తువులు తక్కువ. ఉన్న కాస్తా నా దగ్గరే ఉండేవి కాబట్టి ఆ బాధేమిటో నాకు చాలాకాలం తెలియదు. పన్నెండేళ్ల కిందటి మాట. డిగ్రీ పూర్తిచేసి ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి (విద్యార్థులకు నాకంటే ఎక్కువ తెలుసు, మర్యాదకు బయటపడేవారు కారు). ఉదయగిరి నుంచి రోజూ నా వంద సీసీ బండి మీద వెళ్లేవాణ్ణి. పొద్దున బస్సుకంటే ముందు చేరేవాణ్ణి. దాన్ని నేను ప్రతిభ అనేవాణ్ణి. బస్సు ఊరూరా ఆగుతుందన్న సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఆత్మకూరు బస్టాండు ఎదుట టీ అంగడి పెద్దాయన నన్ను చూడగానే "ఏం అబ్బయా, ఈ పొద్దు ఎంతసేపు పట్టింది?" అని నలుగురూ వినేలా అడిగేవాడు. నేను నిమిషాలతో సహా చెప్పేవాణ్ణి. నా మొత్తం ఆస్తి ఆ ప్రశ్నే.

అలాంటి రోజుల్లో మా మేనమామ కొడుకు, నాకంటే ఆరు నెలలు చిన్నవాడు, బెంగుళూరు నుంచి ఒక టూ స్ట్రోక్ ఎండ్యూరో బండి తెచ్చాడు. అడవుల్లో, రాళ్లల్లో, వాగుల్లో రోజంతా తిరగడానికి చేసిన విదేశీ బండి. గుర్రమంత ఎత్తు. దాని మీద కూర్చుంటే నా కాళ్లు నేలకు అందేవి కావు, వాడివి అందేవి. పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి, నీలం పొగ వదులుతుంది, కిక్కు కొడితే వీధిలో కుక్కలు ముందు పారిపోయి తర్వాత మొరిగేవి. మా అవ్వ (వాడికి నాయనమ్మ, నాకు అమ్మమ్మ) చెవులు మూసుకుని "ఏందిరా ఇది, కందిరీగల తుట్టెను కాళ్ల మధ్య పెట్టుకుని తిరగతా ఉండావు" అన్నది. అంటూనే వాడి వీపు నిమిరింది. నా బండి కొన్నప్పుడు ఎంతైంది అని మాత్రమే అడిగింది. మర్నాడు టీ అంగడి పెద్దాయన నన్ను చూసి "అబ్బయా, మీ బామ్మర్ది ఏందో బండి తెచ్చినాడంట కదా?" అన్నాడు. ఎంతసేపు పట్టిందో అడగలేదు. నలభై తొమ్మిది నిమిషాలు. చెప్పకుండానే టీ తాగి వచ్చేశాను.

అదే నెలలో మర్రిపాడు దగ్గర బీడు భూముల్లో మోటోక్రాస్ పోటీ పెడుతున్నారని తెలిసింది. పొక్లెయిన్‌తో మట్టి దిబ్బలు పోయించారు. వాటి మీదినుంచి ఎగిరి దూకుతూ చుట్లు తిరగాలి. నెల్లూరు నుంచి, చెన్నై నుంచి అసలైన రేసు బళ్లు వస్తున్నాయి. మావాడు పేరు ఇచ్చేశాడు. గెలిస్తే ఇక ఈ జన్మకు నన్నెవరూ నిమిషాలు అడగరని నాకు స్పష్టంగా అర్థమైంది.

బండిని మెకానిక్ సాయిబు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఇది అడవిలో తిరిగే బండి సామీ, దిబ్బలు దూకే బండి కాదు. షాకులు మెత్తన, గేర్లు దూరం దూరం. హెడ్‌లైటు, స్టాండు, నంబరు ప్లేటు అన్నీ పీకేసి బరువు తగ్గిచ్చి, వెనకాల చైను చక్రం, అదే స్ప్రాకెట్, పెద్దది ఏస్తే కొంచిం నిలబడొచ్చు" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ముందు రాత్రే ఫోనులో మూడు గంటలు వీడియోలు చూసి తెలుసుకున్నాను (శత్రువు బలం తెలుసుకోవడం చదువుకున్నవాడి లక్షణం). మావాడు నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు బావా?"

"ఏమీ పీకొద్దురా" అన్నాను, గొంతులో వీలైనంత ప్రేమ నింపి. "అవన్నీ పెట్టేదానికి కంపెనీవాడేమన్నా పిచ్చోడా? ఎట్టుండేది అట్టే తోలు."

"నువ్వు చెప్తే అంతే బావా" అన్నాడు వాడు. సాయిబు స్పానర్ తుడుచుకుంటూ నన్ను కాస్త ఎక్కువసేపు చూశాడు.

పోటీ పదింటికి అన్నారు. మా వైపు పదింటికి అంటే ముఖ్య అతిథి పదింటికి నిద్ర లేస్తాడని అర్థం. ఆయన రిబ్బను కత్తిరించనిదే చక్రం కదలకూడదు. "అన్న ఆత్మకూరు దాటినారు, వచ్చేస్తా ఉండారు" అని మైకులో చెప్పినప్పుడల్లా రేసు బళ్లన్నీ వరసలో నిలబడి రొద చేసేవి, వాటి రేడియేటర్లలో నీళ్లు మరిగిపోయేవి, అన్న వచ్చేవాడు కాదు. ఆత్మకూరును ఆయన ఆ రోజు ఏడుసార్లు దాటాడు. పైగా ఆ బళ్లకు స్టాండ్లు లేవు. కుర్రాళ్లు వాటిని పసిపిల్లల్లా ఎండలో పట్టుకుని నిలబడ్డారు. మావాడి బండి మాత్రం సొంత స్టాండు మీద హాయిగా నిలబడింది, దాని నీడలో వాడు, సాయిబు కబుర్లు చెప్పుకుంటూ పడుకున్నారు. అన్న సాయంత్రం అయిదుకు వచ్చి, అరగంట మాట్లాడి, రిబ్బను కత్తిరించాడు.

మొదటి చుట్లు నా జీవితంలో మధురమైనవి. మావాడు ఆరుగురిలో అయిదోవాడు. దిబ్బ దిగినప్పుడల్లా ఆ బండి పెళ్లిలో మంచం విరిగినట్టు చప్పుడు చేసేది. రెండో గేరు నుంచి మూడుకు మార్చగానే చెప్పాల్సిన మాట మరిచిపోయినవాడిలా నీరసపడేది. నేను చేతులు నలుపుకుంటూ "కానీరా, కానీ!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు నా అభిమానాన్ని మెచ్చుకున్నారు. ఈలోగా సూర్యుడు పడమటి కొండల వెనక్కి జారాడు. ధూళి, దాని మీద చీకటి. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే వేగం తగ్గించారు. ఒకతను దారి కనపడక పక్కనున్న కందిచేలోకి వెళ్లి అక్కడే ఆగిపోయాడు. అప్పుడు మావాడి బండి ముందు టక్కున వెలుగు వచ్చింది.

మైదానం మొత్తానికి అదొక్కటే దీపం. నేను పీకొద్దన్న దీపం. దాని వెనక వాడు ఉదయగిరి బజారులో కూరగాయలకు వెళ్తున్నవాడిలా నింపాదిగా ఒక్కొక్కరినీ దాటుకుంటూ గెలిచేశాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాడు మైకు తీసుకుని, "ఈ గెలుపు నాది కాదు, మా బావది. అందురూ లైటు పీకమన్నారు, పీకొద్దన్నోడు మా బావ ఒక్కడే" అన్నాడు. నన్ను వేదిక మీదికి లాగి శాలువా కప్పారు. అన్న నా చెయ్యి పట్టుకుని "నీ మాదిరి ముందుచూపు ఉండేవోళ్లు కావాల" అన్నాడు. కింద నిలబడ్డ సాయిబు గడ్డం నిమురుకుంటూ "ముందుచూపే సామీ, ముందుచూపే" అన్నాడు. మర్నాడు టీ అంగడి పెద్దాయన నా దగ్గర డబ్బులు తీసుకోలేదు. "మీ బామ్మర్ది బాగుండాడా?" అని మాత్రం అడిగాడు.

ఆ తర్వాత వాడు ప్రతిదానికీ నా సలహా అడిగేవాడు. వింజమూరులో అంగడి పెట్టేటప్పుడు, ట్రాక్టరు కొనేటప్పుడు. భయపడి అన్నిటికీ మనస్ఫూర్తిగా మంచి సలహాలే ఇచ్చాను. ఒక్కటీ ఆ మొదటిదంత బాగా పనిచెయ్యలేదు. కిందటి నెల బండి అమ్మేస్తూ హెడ్‌లైటు విప్పి, కాగితంలో చుట్టి తెచ్చాడు. "ఇది నీ కాడే ఉండాల బావా." నా మనసు కరిగింది. పన్నెండేళ్ల బరువు దించుకుందామని, "ఒరేయ్, దీన్ని నేను పీకొద్దని ఎందుకన్నానో తెలుసా?" అన్నాను.

"తెలుసులే బావా. అన్న కోసరం కాచుకోని ఉన్నప్పుడే సాయిబు చెప్పినాడు."

"మరి మైకులో అంత పొగిడినావేందిరా?"

"కప్పు ఎప్పుడన్నా గెలుస్తాము బావా" అన్నాడు వాడు. "శాలువాలో నీ మొహం మళ్లీ దొరకతాదా?"

ఎత్తు వాడిది, బండి వాడిది, అవ్వ ముద్దు వాడిది. చమత్కారం ఒక్కటైనా మా ఇద్దరిలో నా వాటాకు వచ్చిందని ఇన్నేళ్లూ నమ్మి బతికాను. ఇప్పుడా హెడ్‌లైటు మా వరండా గోడకు ఉంది. బండి లేనిదే వెలగదు. అయినా రోజూ సాయంత్రం తుడుస్తాను. ఆ అద్దంలో నలభై తొమ్మిది నిమిషాల్లో ఆత్మకూరు చేరిన కుర్రాడొకడు, కాస్త వంకరగా, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూ ఉంటాడు.