అతెక్నోస్ అనే విశేషణం

డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు గానీ చదువుకోవచ్చు. అందుకే పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గరున్న యూనివర్సిటీలో ప్రాచీన గ్రీకు క్లాసులో చేరాను. "అదెందుకు పనికొస్తుంది?" అని మా ఆయన నవ్వాడు. దేనికీ పనికిరానిదే కావాలనిపించింది నాకప్పుడు.

ఒక వారం పాఠంలో అతెక్నోస్ అనే విశేషణం వచ్చింది. పిల్లలు లేని, అని అర్థం. తెక్నోన్ అంటే బిడ్డ. ముందున్న ‘అ’ మన ‘అన్యాయం’లో ఉన్నదే, లేదని చెబుతుంది. గ్రీకులో విశేషణానికి మామూలుగా మగవాడికొక రూపం, ఆడదానికొక రూపం, రెండూ కానిదానికి ఇంకొకటి. ఇలాంటి సమాసాలకు మాత్రం ఆడ రూపం వేరే ఉండదు. మొగుడికీ పెళ్ళానికీ ఒకటే మాట. టీచరమ్మ బోర్డు మీద రాసి తర్వాతి పదానికి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మన తెలుగులో ఆడదానికి ‘గొడ్రాలు’ అనే మాట ఉంది. మగవాడికి తగిలించడానికి అలాంటి మాట ఎంత వెతికినా దొరకలేదు.

వెతకడానికి కారణం ఉంది. మాకు పిల్లలు పుట్టకపోవడానికి లోపం మా ఆయనలో ఉందని అంతకుముందే రిపోర్టు వచ్చింది. డాక్టర్ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. బయట పార్కింగ్‌లో ఆయన ఏడ్చాడు. "ఎవరికీ చెప్పకు, ప్లీజ్. మా అమ్మకి అసలే చెప్పకు," అన్నాడు. జాలేసింది. సరేనన్నాను.

ఆ గ్రీకు మాట నేర్చుకున్న వారమే, శనివారం నాడు ఎడిసన్‌లో నా స్నేహితురాలి సీమంతం. ఆడవాళ్ళందరూ వరసగా వెళ్ళి ఆమె చేతులకు గాజులు తొడుగుతున్నారు. నా వంతు వచ్చిందని లేచాను. ఆమె అత్తగారు గాజుల పళ్ళెం పక్కకు జరిపేసింది.

"నువ్వు కూర్చోమ్మా. ఏమనుకోకు, పిల్లల తల్లులు వేస్తే మంచిదని..."

ఒళ్ళు మండిపోయింది. అంతమందిలో ఏం మాట్లాడను? మా ఆయనా చూశాడు. చూసి, చేతిలో ప్లేటుతో గారెల వైపు తిరిగాడు. ఛీ, వీడి కోసమా నేను నోరు మూసుకున్నది, అనుకున్నాను.

ఇంటికి వస్తూ కారులో ఆ గ్రీకు మాట గురించి చెప్పాను. "మొగుడికీ పెళ్ళానికీ ఒకటే రూపమట. విన్నావా?" అన్నాను.

సిగ్నల్ దగ్గర కారు ఆపాడు. గాజుల సంగతి ఎత్తుతాడేమో, కనీసం ఒక్క సారీ చెబుతాడేమోనని చూశాను.

"క్లాస్‌లో మన మ్యాటర్ ఏమైనా చెప్పావా?" అని అడిగాడు.

"లేదు."

"హమ్మయ్య," అన్నాడు.