ఐసు ఫ్యాక్టరీ శ్రుతి

ఆ రోజుల్లో అంటే రాజుల కాలం నాటి సంగతేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లోనూ టచ్ ఫోన్లున్నాయి, ఏది నేర్చుకోవాలన్నా అందులో వీడియోలున్నాయి. లేనిదల్లా "నేర్చుకో" అనే మనిషి. మా వీధిలో ఆడపిల్ల వల కుడతానంటే నేర్పడానికి పదిమంది, చేప కోస్తానంటే కత్తి అందించడానికి ఇరవైమంది ఉండేవారు. గిటారు నేర్చుకుంటానంటే మాత్రం అందరూ "ఎందుకు?" అనేవాళ్ళే. ఆ ప్రశ్నకి నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. జవాబు లేదు కాబట్టే పట్టు పట్టాను. పంతొమ్మిదేళ్ళ వయసులో నా మొండితనం అంతా ఇంతా కాదు (ఇప్పుడు తగ్గిందని నేనంటాను, ఇంకెవరూ అనరు).

మా ఇల్లు విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ వెనక, ఐసు ఫ్యాక్టరీ గోడని ఆనుకుని ఉండేది. నాన్న బోటు మీద, అమ్మ చేపల వేలంపాట దగ్గర. తెల్లవారకముందే ఇద్దరూ ఇల్లు వదిలేవారు. ఇంటర్ అయ్యాక నేను వన్ టౌన్‌లో వలలూ తాళ్ళూ అమ్మే దుకాణంలో బిల్లులు రాసేదాన్ని. పక్క కొట్టు సాయిబు తాతది. హార్మోనియాలు బాగుచేసేవాడు. ఆ కొట్లో మేకుకి ఓ గిటారు వేలాడుతుండేది. బాగుచెయ్యమని ఇచ్చిన మనిషి మళ్ళీ రాలేదట. రోజూ మధ్యాహ్నం టీ తాగుతూ నేను దాని వంక చూడటం, నా వంక తాత చూడటం జరిగేది. ఓ రోజు ఆయనే దాన్ని దించి, దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టాడు. "తీస్కపో బేటీ. కానీ ఒక్క మాట. రోజూ పావుగంట. గంట వొద్దు. గంటంటే రెండ్రోజులు చేస్తావ్, మూడోరోజు ఖతమ్. పావుగంట చాలు, తప్పొద్దు."

పావుగంట చూసుకోవడానికి మా ఇంట్లో గడియారం అక్కర్లేదు. మరిగే ఎసట్లో బియ్యం పోసినప్పటి నుంచి గంజి వార్చేదాకా సరిగ్గా పావుగంట. పొద్దున్న వంట నాదే కాబట్టి, బియ్యం పోసి మూత పెట్టగానే గిటారు పట్టుకుని గుమ్మంలో కూర్చునేదాన్ని. మెతుకు పట్టి చూస్తే ఉడికిందంటే ఆ రోజు పాఠం అయిపోయినట్టే. మొదటి నెల వేళ్ళ చివర్లు మండిపోతాయని వీడియోల్లో అందరూ తెగ భయపెట్టారు. ఆరేళ్ళప్పటి నుంచి వలలు కుట్టిన వేళ్ళు నావి, వాటికి గిటారు తీగ ఒక లెక్కా! (ఒకసారి తీగ తెగితే వలకి వేసే ముడి వేసి బిగించేశాను. సాయిబు తాత కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ముడి మాత్రం పక్కా ఉంది బేటీ" అని ఊరుకోకుండా కొత్త తీగ వేసిచ్చాడు.)

చిక్కల్లా శ్రుతి దగ్గర వచ్చింది. ఫోన్లో శ్రుతి చూసే యాప్ ఒకటుంది. తీగ మీటితే ముల్లు కదిలి, ఎక్కువో తక్కువో చెబుతుంది. నా ఫోన్లో ముల్లు మాత్రం ఏ తీగ మీటినా ఒకే చోట ఆగేది. మీటకపోయినా అక్కడే ఆగేది. వారం రోజులు తలబాదుకున్నాక అర్థమైంది, అది వింటున్నది నా గిటార్ని కాదు, గోడ అవతలి ఐసు మిషన్ని. రాత్రనక పగలనక ఊఁ... అంటూ మోగే మిషన్ అది. దాని మోతకి మా గిన్నెలు వణికేవి, మంచం వణికేది, మంచం మీద పడుకున్న మేమూ వణికేవాళ్ళం. సరే, ఫ్యాక్టరీని నేను మార్చలేను కదా. ఒక తీగని ఆ మోతకే కలిపేశాను, మిగతావాటిని ఆ తీగకి కలిపాను. వాయిస్తుంటే గోడ కూడా నాతోపాటు పాడుతున్నట్టు ఉండేది. ఆర్నెల్లు నా అంత సుఖంగా గిటారు నేర్చుకున్నవాళ్ళు విశాఖపట్నంలో ఇంకెవరూ ఉండరు.

ఇంతలో వేసవిలో వేట నిషేధం వచ్చిపడింది. రెండు నెలలు బోట్లు కదలవు. బోట్లు కదలకపోతే ఐసుతో పనిలేదు, ఫ్యాక్టరీ మూత. చేపలు లేకపోతే వేలంపాట లేదు, అమ్మ ఇంట్లో. మోత ఆగాక నా వాయింపులో ఏదో కొరత కనబడింది గానీ, ఆ నేరం ఎఫ్ అనే ఒక పట్టు మీదికి తోసేశాను. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా అదిమి పట్టాలి, మిగిలిన వేళ్ళు ఎటు పోవాలో వాటికే తెలియాలి. ఆ ఎఫ్‌తో కుస్తీ పడుతూ మూడురోజులు వరసగా అన్నం మాడబెట్టాను. నాలుగోరోజు అమ్మ నల్లబడ్డ గిన్నె తెచ్చి నా ముందర పెట్టింది.

"ఏటే ఇది? నాను హార్బర్‌కెల్లిన కాడ్నించీ రోజూ ఇదేనా నువ్వు సేత్తన్నావ్?"

"పావుగంటేనమ్మా."

"ఆ పావుగంటకే వీదంతా నవ్వుతన్నాది, గుంటకి పిచ్చెక్కిందని. సూడు, నలుగురి ముందర ఒక్క పాట, మొదలునించీ సివరదాకా వాయించు. సగంలో ఆపీసినావో, ఆ సెక్కని సాయిబు కొట్లో నానే ఇచ్చీసి వత్తాను."

"నలుగురేటి, నలభైమంది ముందర వాయిత్తాను!"

"ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం!" (ఎక్కడ వాయిస్తానో నాకూ తెలియదు. మాట అనేశాక వెనక్కి తీసుకునే అలవాటు మాత్రం మా వంశంలో లేదు.)

ఫోన్లో వెతగ్గా వెతగ్గా రుషికొండలో ఒక కాఫీ కొట్టు దొరికింది. ఆదివారం సాయంత్రాలు అక్కడ ఎవరైనా వచ్చి పాడుకోవచ్చట. గిటారుకి నాన్న పాత లుంగీ చుట్టి బయల్దేరుతుంటే అమ్మ కూడా చెప్పులేసుకుంది. "నలభై మందన్నావు కదేటి, లెక్కెట్టొద్దా?" అంది. సిటీ బస్సులో సముద్రం పక్కనుంచే వెళ్ళాం. అక్కడంతా ఐటీ కంపెనీల పిల్లలు. అమ్మ వెనక వరసలో, కాళ్ళు నేలకి అందని పొడుగు స్టూలెక్కి, చేతిలో కాఫీ కప్పుతో బిగుసుకుని కూర్చుంది. నా వంతు వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ తోడుగా కీబోర్డు వాయించే నల్ల టీషర్టు కుర్రాడొకడు నా తీగ ఒకటి విని మొహం చిట్లించాడు.

"మీ గిటారు శ్రుతిలో లేదండీ. కాస్త పైన ఉంది."

"దేనికంటే పైన?"

"అంటే... స్టాండర్డ్ కంటే."

"ఆ స్టాండర్డ్ ఎవలిది?"

పాపం, ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. "తగ్గిస్తే నాతో కలుస్తుందండీ" అన్నాడు మెల్లిగా. తగ్గించి ఉంటే ఒక్క నిమిషంలో పోయే గొడవ. నేను తగ్గించలేదు. ఆర్నెల్లు పొద్దున్నే ఏ మోత నాకు తోడు కూర్చుందో ఆ మోతనే తప్పంటాడా అని ఒళ్ళు మండిపోయింది. "మీ పెట్టెనే కాస్త పెంచండి, నాకు కలుస్తాది" అనేసి మొదలుపెట్టాను.

వల లాగేటప్పుడు మా వాళ్ళు పాడుకునే పాట అది. రెండు వరసలు బాగానే నడిచింది. మూడో వరసలో చెయ్యి ఆగిపోయింది. ఎఫ్ వల్ల కాదు, ఆ పాటలో అసలు ఎఫ్ లేనే లేదు. ఏసీ గదిలో ఆ నిశ్శబ్దం చూస్తే, కాలికింద నేల తీసేసినట్టయింది. నాకు గోడ కావాలి, గోడ వెనక మోత కావాలి, గోడ హార్బర్‌లో ఉండిపోయింది, మోత నిషేధంతోనే ఆగిపోయింది, ఇన్నాళ్ళ కొరత అదేనని అప్పుడు తెలిసింది. ఎవరో చెంచాతో కప్పులో చక్కెర కలుపుతున్నారు. నల్ల టీషర్టు జాలిపడి కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కబోతే "వద్దు" అన్నాను. గిటారు పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఊఁ... అని వినబడింది.

అచ్చం మిషన్. అదే శ్రుతి, అదే మంద్రం, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి కూడా మిషన్ ఎక్కడ తడబడుతుందో అక్కడే ఆగుతోంది. అమ్మ కిటికీ అద్దంలోంచి సముద్రం వంక చూస్తోంది, ఆ చప్పుడుకీ తనకీ సంబంధం లేనట్టు. పడవల ఇంజన్ల మధ్య వేలంపాట పాడిన గొంతు అది. కాఫీ కొట్టు దానికి ఏ మూలకి! నేను మళ్ళీ మొదలునుంచి అందుకుని, ఎక్కడా ఆగకుండా చివరదాకా వాయించాను. చప్పట్లు కొట్టారు. నల్ల టీషర్టు పరిగెత్తుకొచ్చి "వెనకనుంచి ఆ శ్రుతి ఎవరిచ్చారండీ?" అని అడిగాడు. "ఐసు ఫ్యాక్టరీ" అన్నాను.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "నువ్వే కదమ్మా?"

"నానేటి పాడ్డం? కాఫీ గొంతుకడ్డం పడింది."

"అంతసేపా?"

"సేదు కాఫీ" అని అటు తిరిగి కూర్చుంది. మర్నాడు పొద్దున్న ఎసరు తనే పెట్టింది. రోజూ కంటే రెండు చెంబులు ఎక్కువ నీళ్ళు పోసింది. అవి మరిగి, బియ్యం పడి, ఉడికి వార్చేసరికి అరగంట దాటింది. ఆ అరగంటా నేను గుమ్మంలో గిటారు పట్టుకునే కూర్చున్నాను.

ఇప్పుడు గాజువాకలో పిల్లలకి గిటారు నేర్పుతున్నాను. ఎవరొచ్చినా రోజూ పావుగంటే చెయ్యమంటాను. పదిమందితో కలిసి వాయించేటప్పుడు బుద్ధిగా స్టాండర్డ్‌కే కలుపుతాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం తీగలు కాస్త పైకి బిగిస్తాను. ఐసు ఫ్యాక్టరీలో కొత్త మిషన్ పెట్టారు, దానికి చప్పుడే లేదు. మొన్న అమ్మ ఫోన్ చేసి, అవీ ఇవీ అయ్యాక, "ఇయ్యాల అన్నం మాడిందేటి?" అని అడిగింది.

"కరెంటు కుక్కరమ్మా. దానంతటదే ఆగిపోతాది, మాడదు."

"మరైతే నువ్వు వాయిత్తన్నావో లేదో నాకెలగ తెలుత్తాది?" అంది.

స్టాండర్డ్ శ్రుతికీ, కరెంటు కుక్కరుకీ లొంగిపోయిన నన్ను చూసి ఆ రాజీలేని పంతొమ్మిదేళ్ళ పిల్ల ఎంత నవ్వేదో! మర్నాడు పొద్దున్నే అటక మీది పాత గిన్నె దించి, కడిగి, ఎసరు పెట్టాను. గుమ్మంలో కూర్చుని ఎఫ్ పట్టాను (ఇప్పటికీ నాకూ దానికీ పడదు). కమురు వాసన వచ్చినా లేవలేదు. పాట పూర్తయ్యాక వెళ్ళి పొయ్యి కట్టేసి, నల్లబడ్డ ఆ గిన్నెని ఫోటో తీసి అమ్మకి పంపించాను.