మెడ దగ్గర చిన్న కోత

ప్రత్యేక రాష్ట్రం కోసం క్యాంపస్ అట్టుడుకుతున్న రోజులవి. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తూ తార్నాకలో అద్దెకుండేదాన్ని. మాది అనంతపురం. మా పై పోర్షన్‌లో సోమాలియా యుద్ధం నుంచి బయటపడి వచ్చిన ఒక తల్లి, ఆమె పదేళ్ల కూతురు ఉండేవారు. తల్లికి తన భాష తప్ప మరొకటి రాదు. కూతురు మాత్రం వీధి పిల్లలతో ఆడుతూ రెండేళ్లలో తెలుగు పట్టేసింది. ఇంటి ఓనర్‌తో మాట్లాడాలన్నా, కూరగాయలు బేరమాడాలన్నా ఆ పిల్లే.

ఆ ఏడాది పిల్లకు మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. నేనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పిల్లతో, "మత్తిచ్చి, మెడ దగ్గర కొంచెం కోసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అప్పుడే ఏ మందు ఇవ్వాలో తెలుస్తుంది. మీ అమ్మకు చెప్పు," అంది. పిల్ల చెప్పింది. తల్లి దిగ్గున లేచి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. సంతకం చేయాల్సిన కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

నాకు కోపం ఆగలేదు. ఇంటికొచ్చాక మెట్ల మీద నిలబెట్టి, "బిడ్డ ప్రాణం కంటే నీ మొండితనమే ఎక్కువైపోయిందా?" అని అరిచాను. ఆమె తలొంచుకుని పైకి వెళ్లిపోయింది.

మర్నాడు పిల్ల గుమ్మంలో ఒక్కతే కూర్చుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"మీ అమ్మకు నిన్న ఏమని చెప్పినావు పాపా?"

"డాక్టరమ్మ చెప్పిందే చెప్పిన ఆంటీ. మెడ కోస్తరు, ముక్క తీస్తరు అని."

"మత్తిస్తారని చెప్పలేదా?"

"మత్తంటే మా భాషల ఏమంటరో నాకు తెల్వది." మెడ మీది గడ్డ తడుముకుంటూ, "మా మామను గట్లనే మెడ కోసి చంపిన్రంట. అమ్మ చూసింది," అంది.

తన మెడకు జరగబోయేదాన్ని ఆ పసిది తానే తల్లికి వినిపించాల్సి వచ్చింది. పక్కనే ఉన్న నాకు ఆ సంగతి తట్టనే లేదు.

లైబ్రరీకి సోమాలియా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని ఒకామె వస్తుండేది. నవ్వుకోవడమే తప్ప మేము పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఆమె కోసం బయల్దేరాను. ఆ రోజు బంద్. ఆటోలు లేవు. నడిచి వెళ్తే క్యాంపస్ గేటు దగ్గర ముళ్లకంచె, ఇవతల పోలీసులు, అవతల నినాదాలిస్తున్న విద్యార్థులు. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని జంకుతూ నిలబడ్డాను. కంచె అవతలి నుంచి ఒక విద్యార్థి పిలిచాడు.

"ఏడికి మేడం?"

"లేడీస్ హాస్టల్‌కు నాయనా. ఒక పాపకు ఒంట్లో బాగలేదు. వాళ్ల భాష తెలిసినామె ఆడ ఉంది."

"మీదే ఊరు?"

"అనంతపురం."

ఒక్క క్షణం నన్నే చూశాడు. "పోరి పానం సంగతి గదా, రాండ్రి," అన్నాడు. పోలీసులతో తానే వాదించి కంచె పక్కకు జరిపించాడు, హాస్టల్ దాకా తోడొచ్చాడు. అతని పేరైనా అడగలేదు నేను.

విద్యార్థిని విన్న వెంటనే చున్నీ కప్పుకుని నాతో వచ్చేసింది. పై పోర్షన్‌లో చాప మీద కూర్చుని వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. తల్లి ఏడ్చింది, తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని ఏవో అడిగింది. విద్యార్థిని నాకు ఇంగ్లీషులో వివరించింది. పిల్ల మేలుకుని ఉండగానే కోస్తారా, తాను పక్కన ఉండొచ్చా, ఇవీ ఆ తల్లి తెలుసుకోవాలనుకున్నవి. ఆసుపత్రిలో అవి అడిగే దారే ఆమెకు లేకపోయింది.

మెట్ల మీద తిట్టినందుకు మన్నించమని చెప్పమన్నాను. తల్లి ఆశ్చర్యపోయింది. "తిట్టిందా? నా బిడ్డ కోసం బాధపడుతోందనుకున్నాను," అందట. సిగ్గుతో ఆమె చేతులు పట్టుకున్నాను.

మూడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ ఒక్కో మాట చెప్పి ఆగింది. విద్యార్థిని చెప్పింది, తల్లి అడిగింది. బయట జనం విసుక్కుంటున్నా డాక్టరమ్మ తొందరపెట్టలేదు. మత్తెక్కేదాకా కూతురి చెయ్యి పట్టుకుని ఉండొచ్చంది. "ఏం అర్థమైందో ఆమెనే చెప్పమనండి," అని అంతా విన్నాకే కాగితం ముందుకు జరిపింది. పిల్ల ఆ సేపంతా కిటికీ దగ్గర బొమ్మల పుస్తకం తిరగేస్తూ కూర్చుంది. ఆ రోజు తనకు ఎవరి మాటా మోసే పని లేదు.

గడ్డ టీబీ అని తేలింది. నెలల తరబడి మాత్రలు వాడాలన్నారు. బంద్‌లు, రాస్తారోకోల మధ్యనే విద్యార్థిని ప్రతిసారీ వాళ్ల వెంట వెళ్లింది. ఒకసారైతే టియర్ గ్యాస్‌కు ఎర్రబడిన కళ్లతోనే వచ్చింది. గడ్డ కరిగింది. పిల్ల ఒళ్లు చేసింది.

మరుసటి ఏడాది వాళ్లు తమవాళ్లు ఎక్కువగా ఉండే పేటకు మారిపోయారు. సామాను ఎక్కించాక తల్లి నా తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో చెప్పింది.

"ఏమంటోంది పాపా?"

"దువా చేస్తున్నది ఆంటీ. చాన ఉన్నది. అంత తెలుగుల చెప్పనీకి నాకొస్తలేదు."

పర్లేదులే అన్నాను.