రెండో నీటి అణువు

అంబిక స్థిమితంగా ఒకచోట కూర్చోవడం ఇంట్లో వాళ్లెవరూ పెద్దగా చూడలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చేరింది. పన్నెండేళ్లు అవే పాఠాలు చెప్పి విసుగెత్తి, ముప్పై ఆరో ఏట ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ మొదలుపెట్టింది.

మన డీఎన్‌ఏలో సైటోసిన్ అనే భాగానికి కొన్నిచోట్ల మిథైల్ అనే చిన్న పరమాణువుల గుంపు అతుక్కొని ఉంటుంది. క్యాన్సర్ వంటి జబ్బుల్లో ఈ గుర్తులు తారుమారవుతాయి. వాటిని పట్టుకోవడానికి ల్యాబుల్లో డీఎన్‌ఏకు బైసల్ఫైట్ అనే రసాయనం కలుపుతారు. మామూలు సైటోసిన్ యురాసిల్ అనే మరో పదార్థంగా మారిపోతుంది. మిథైల్ ఉన్నది దాదాపు అలాగే మిగులుతుంది. ఎందుకు మిగులుతుంది? ఒక్కొక్క చర్య జరగడానికి ఎంత శక్తి కావాలో కంప్యూటర్ మీద లెక్కగట్టి చెప్పడం అంబిక పరిశోధన.

మూడో ఏట జవాబు దొరికింది. మిథైల్ ఉన్నదానికి చాలా ఎక్కువ శక్తి కావాలని తేలింది. ఆ తేడా ల్యాబు ఫలితాలతో చక్కగా సరిపోయింది. గైడు విశ్వేశ్వరరావు పొంగిపోయాడు. పత్రికకు పంపిన వ్యాసాన్ని ఇద్దరు సమీక్షకులూ మెచ్చుకున్నారు.

ఒక ఉదయం అంబిక ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, సెమినార్ కోసం చేసిన బొమ్మలు ఫోన్‌లో చూసుకుంటోంది. మామూలు సైటోసిన్ పక్కన రెండు నీటి అణువులున్నాయి. మిథైల్ ఉన్నదాని పక్కన ఒక్కటే ఉంది. బొమ్మను పెద్దది చేసి మళ్లీ చూసింది. నీటి అణువులు హైడ్రోజన్‌ను ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ చర్యను సులువు చేస్తాయి. రెండో అణువును మామూలు సైటోసిన్‌కు చేర్చి, మిథైల్ ఉన్నదానికి చేర్చడం తనే మరిచిపోయింది. అంటే ఆ తేడాలో కొంత మిథైల్ వల్ల వచ్చింది కాదు, తన మరుపు వల్ల వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ దాటిపోయిన సంగతి తరువాతి స్టేషన్ మూసారాంబాగ్‌లో గాని తెలియలేదు.

ఆ రోజు క్లాసులో ఒకే సమీకరణాన్ని రెండుసార్లు తప్పు రాసింది. సాయంత్రం ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతూనే ఉంది.

"ఏందమ్మా గా పరేషాన్? ఎవరన్న ఏమన్నరా?" అని అడిగింది అత్త ఆండాలు.

"ఎవ్వరేం అనలే అత్తమ్మా. నేనే లెక్క తప్పు చేసిన. అందరు మంచిగుందంటున్రు."

"అందరు మంచిగుందంటే ఇంకేంది?"

"తప్పని నాకెర్కైంది గద."

మర్నాడు గైడుకు చెప్పింది. విశ్వేశ్వరరావు ముఖం చిట్లించాడు. "చూడమ్మా, సమీక్షకులే అడగలేదు. జవాబు కూడా ప్రయోగంతో కలిసింది. ఇప్పుడు కదిలిస్తే నీ థీసిస్ ఏడాది వెనక్కి పోతుంది."

"జవాబు కలిసింది సార్, కని వచ్చిన తొవ్వ తప్పు. రేపు ఎవరన్న దీన్ని నమ్మి కొత్త టెస్టు తయారు చేస్తే ఎట్ల?"

ఆయన వ్యాసం తీసి ఆ లెక్కల పేజీలు తిరగేశాడు. "ముందు మళ్లీ లెక్క వేసి చూడు," అన్నాడు చివరికి.

ఎండాకాలం. కరెంటు పోయి లెక్క రెండుసార్లు మధ్యలో ఆగింది. అన్నం ముందు కూర్చున్నా ఆమె చూపు కంప్యూటర్ మీదే. పంతొమ్మిదో రోజు ఫలితం వచ్చింది. మిథైల్ ఉన్నదానికే శక్తి ఎక్కువ కావాలి, అది నిజమే. కాని తేడా మునుపటిలో సగం కూడా లేదు. అంబిక చెప్పులేసుకొని కొత్తపేట దాకా నడిచి, అంతే వేగంగా తిరిగొచ్చి, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు ఉత్తరం రాసింది.

విశ్వేశ్వరరావు దాన్ని రెండుసార్లు చదివాడు. "తప్పు నీదొక్కదానిదే అని రాశావేం? గైడుగా నేనూ చూసుకోవాల్సింది. నా పేరు ముందు పెట్టు," అన్నాడు. ఇన్నాళ్లలో ఆమెకు మొదటిసారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ తరువాత పద్నాలుగు నెలలు పట్టింది. నీటి అణువులను రకరకాలుగా అమర్చి చూసింది. సరిదిద్దిన వ్యాసం అంతకంటే చిన్న పత్రికలో వచ్చింది. ల్యాబులో కనిపించే తేడాలో కొంత భాగాన్నే ఈ లెక్కలు వివరిస్తాయని, మిగతాది తమకు తెలియలేదని అందులో రాసింది. ఆ వాక్యం తీసేయమని ఒక సమీక్షకుడు సూచించినా ఒప్పుకోలేదు.

పట్టా వచ్చింది. వారం తిరక్కుండానే మూడో నీటి అణువు పెట్టి కొత్త లెక్క మొదలెట్టింది.