కాలు కింద పెట్టని మా చిన్నమామ

నిన్న సాయంత్రం మా మనవడు ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. అందులో ఎవరో విదేశీ కుర్రాడు. చిన్న చక్రాల సైకిల్ మీద మట్టిదిబ్బలెక్కి గాల్లోకి ఎగిరి పందేలు గెలిచేవాడట. ఇక మానేస్తున్నానని చెబుతూ, వరసగా పెట్టిన మైకుల ముందు కళ్లు తుడుచుకుంటున్నాడు. వెనక పెద్ద తెర, పక్కన పూలగుత్తులు. "పాపం నానమ్మా, రిటైర్ అయిపోతున్నడు" అని మావాడు తెగ బాధపడిపోయాడు. నాకూ జాలేసింది, లేదనను. కానీ సైకిల్నే నమ్ముకుని బతికి, ఒకనాడు దాన్ని పక్కన పడేసిన మనిషిని నేను చాలా దగ్గర నుంచి చూశాను. ఆయన మా అమ్మకు తమ్ముడు, మా చిన్నమామ. ఆయన మానేసిననాడు పూలగుత్తులు కాదు గదా, చూడ్డానికి మనుషులే లేరు.

మేమప్పుడు లాల్‌దర్వాజాలో ఒక ఇరుకు గల్లీలో అద్దెకుండేవాళ్లం. అమ్మమ్మా, చిన్నమామా మాతోనే. గల్లీ మొదట్లో మామకు అద్దె సైకిళ్ల దుకాణం ఉండేది. సైకిళ్లు గంటలెక్కన ఇచ్చేవాడు, పంక్చర్లు వేసేవాడు. అది పేరుకు దుకాణమే గానీ ఆయన అసలు పని వేరు. ఏదైనా మైదానంలో గుంజలు పాతి, చుట్టూ తాడు కట్టి, ట్యూబులైట్లు వేలాడదీసి, ఆ గిరిలో వారం రోజులు సైకిల్ దిగకుండా తిరగడం. ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. తిండి దానిమీదే, గడ్డం గీసుకోవడం దానిమీదే, బిందెడు నీళ్లు గుమ్మరించుకుని చొక్కా మార్చుకోవడమూ దానిమీదే. కింద పడేసిన చేతిరుమాలును ఒంగి పళ్లతో అందుకుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్లు కూడా చప్పట్లు కొట్టేవారు. మిగతా అవసరాల సంగతేమిటని పిల్లలందరికీ ఒకటే అనుమానం. నేనొకసారి ధైర్యం చేసి అడిగితే అమ్మ నెత్తిన మొట్టింది. మామ నవ్వాడు గానీ చెప్పలేదు.

ఆ ఆటకు నియమం ఒకటే, కాలు నేలకు తగలకూడదు. గడువు పూర్తయ్యాక అమ్మమ్మ కొబ్బరికాయ కొట్టి కొత్త తువ్వాలు పరుస్తుంది, దానిమీద దిగాలి. అంతకు ముందు బొటనవేలు తగిలినా పరువు గంగలో కలిసినట్టే. దీనికి తోడు ఇంకో చిక్కుండేది. మామ జతగాడు ఒక సాయిబు, మేమంతా మైకు భాయ్ అనేవాళ్లం. పాటల రికార్డులు వేయడం, జనాన్ని కేకేసి పిలవడం ఆయన పని. మైకులో పడిన మాట వెనక్కి తీసుకోకూడదని ఇద్దరి మధ్యా ఒట్టు. మాట ఇచ్చేది ఒకరు, తొక్కేది ఒకరు గనుక, ఆ ఒట్టు మైకు భాయ్‌కి ఎంత సుఖమో మామకు అంత కష్టం.

ఆ ఒట్టే మామ పెళ్లి మీదికి తెచ్చింది. పురానాపూల్ నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి రైల్వేలో ఫిట్టర్. మా ఇంట్లో నలుగురు కూర్చునే చోటు లేక, చూపులు అమ్మవారి గుడిలో పెట్టుకున్నారు. అమ్మమ్మ బాగా ఆలోచించి, మామ దిగిన మర్నాటికి రమ్మని కబురు పంపింది. తీరా దిగాల్సిన రోజు జనం విరగబడ్డారు. అది చూసి మైకు భాయ్‌కి ఒళ్లు తెలియలేదు. "పబ్లిక్ కీ ఫర్మాయిష్ పర్, దో దిన్ ఔర్!" అని ఆటను ఇంకో రెండు రోజులు పొడిగిస్తూ కేకేశాడు. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మ, "నీ నోట్ల మన్నువడ, రేపు పిల్లను తోల్కొస్తున్నరు కదరా!" అని మొత్తుకుంది. కానీ మాట మైకులో పడిపోయింది. మామ తల్లి ముఖం చూడకుండా తొక్కుతూ పోయాడు.

మర్నాడు గుడికి వచ్చినవాళ్లను అమ్మమ్మ మైదానానికి నడిపించక తప్పలేదు. తాడు పక్కన ఇనుప కుర్చీలు వేశారు. పిల్ల తలొంచుకునే కూర్చుంది గానీ, మామ ముందు నుంచి పోయినప్పుడల్లా తలెత్తి చూసింది. పక్కనే ఉన్న నాకు కనబడింది. "ఏం జదువుకున్నవ్ బాబూ?" అని పిల్ల తండ్రి అడిగేసరికి మామ అవతలి గుంజ దగ్గరున్నాడు. చుట్టు తిరిగొచ్చి "ఎనిమిది!" అని అరిచాడు. ఆలోపు పెద్దాయన "అక్కచెల్లెండ్లు ఎందరు?" అని రెండో ప్రశ్న వేసి ఉన్నాడు. పిల్ల మేనత్త "అవ్వో!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

చివరికి పెద్దాయనకు ఓపిక చచ్చిపోయింది. లేచి తాడు దగ్గర నిలబడ్డాడు. "ఒక్క నిమిషం దిగు. నా బిడ్డ ముంగట నిలవడి మాట్లాడు. గంతే." మామ వేగం తగ్గించి, "దిగితే పరువు వోతది మామా" అన్నాడు. ఖాయం కాకముందే వరస కలిపేసుకున్నాడని మైకు భాయ్ నవ్వు ఆపుకోలేక రికార్డు మార్చాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఇంత దూరం నడిచొచ్చిన ఆడివిల్లకు పరువు లేదా?" అన్నాడు. మామ మళ్లీ వేగం పెంచి తొక్కుతూ పోయాడు. వాళ్లు వెళ్లిపోయారు. నాకైతే మామ మీద మండిపోయింది, ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

మర్నాడు మామ తువ్వాలు మీద దిగాడు. అన్నిరోజులు సైకిల్ మీదున్న మనిషికి నడక మరుపొస్తుంది, నేల ఊగుతున్నట్టే ఉంటుంది. మామూలుగా అయితే ఇంటికి మోసుకొచ్చి, కాళ్లకు నూనె రాసి పడుకోబెట్టేవాళ్లం. మామ వినలేదు. నాన్నను వెంటబెట్టుకుని రిక్షాలో పురానాపూల్ పోయాడు. అక్కడ ఏం జరిగిందో చాలా ఏళ్లకు ఆ పిల్లే, మా అత్తమ్మే చెప్పింది. "సైకిల్ మీద రాజు లెక్క కనవడ్డడు, గీ రాజుతోని మనకేంది అనుకున్న. తెల్లారి గోడ వట్టుకొని, చిన్నపోరడు నడక నేర్సినట్టు తప్పటడుగులేసుకుంట మా వాకిట్లకొచ్చిండు సూడు, గప్పుడు సరే అన్న."

పెళ్లయ్యాక మామకు అన్నం పెట్టే పని అత్తమ్మది. అన్నం కలిపిన గిన్నె పట్టుకుని గిరిలోకి దిగి, సైకిల్ వెంట ఉరుకులాంటి నడక నడుస్తూ ముద్దలు అందించేది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టేవారు. కొడుకు కడుపులో ఉన్నప్పుడు కూడా చాలా నెలలు అలాగే నడిచింది. మానెయ్యమని ఎప్పుడూ ఎందుకు అనలేదని అడిగితే, "నేనంటే మానుతడని ఎరికే. గందుకే అన్లే" అంది. ఆ ఒక్క మాటకు నేను ఆమె కాళ్లకు మొక్కాలి.

తర్వాత ఇంటింటికీ కాకపోయినా గల్లీకొకటి టీవీ వచ్చింది. చుట్టూ తిరిగే మనిషిని చూసే తీరిక జనానికి తగ్గింది. ఫలక్‌నుమా అవతల ఒక మైదానంలో మామ ఆట పెట్టినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. సెలవు రోజని అత్తమ్మకు తోడుగా వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, తాడు చుట్టూ మేకలు తప్ప ఎవరూ లేరు. మైకు భాయ్ చాయ్ తాగడానికి పోయాడు. అప్పటికి అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆయాసం. రెండు ముద్దలు అందించింది. మూడో ముద్దకు చెయ్యి చాచి, అందించలేక, ఎండలోనే మట్టిలో కూలబడింది. "తిరిగి రాండ్రి, నేను గీడనే ఉంట" అంది.

మామ ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఆమె లేవలేదు. ముద్ద ఇంకా చేతిలోనే ఉంది. మామ బ్రేకు వేశాడు.

"మామా, కాలు!" అని అరిచాను నేను.

"ఆఁ, వెట్టిన" అన్నాడు. సైకిల్ అట్లాగే పక్కకు వదిలేసి, తడబడుతూ నాలుగడుగులు వేసి ఆమె పక్కన చతికిలబడ్డాడు. "ఆట ఇంక రెండు దినాలుండె, దిగిండ్రేంది?" అని అత్తమ్మ కంగారుపడితే, "నా ఎంబడి ఎన్నేండ్ల సంది ఉరుకుతున్నవే నువ్వు? ఆ ముద్ద నువ్వు తిను ముందుగాల" అన్నాడు. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే తింది. గిన్నెలో మిగిలిన పప్పన్నం మామ ముద్దలు చేసుకుని తినసాగాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాను.

చాయ్ తాగి వచ్చిన మైకు భాయ్ పడి ఉన్న సైకిల్ని చూశాడు, ఇద్దరినీ చూశాడు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, మేకలకు వినబడేట్టు నెమ్మదిగా, "ఉస్తాద్ ఖానా ఖారే. ఖేల్ ఖతం" అని, మామ భోజనం సంగతీ ఆట ముగిసిన సంగతీ చెప్పి స్విచ్ కట్టేశాడు. మైకులో పడిన మాట గనుక మామ మళ్లీ ఆ గిరిలోకి దిగలేదు.

కాలం ఎవరికోసమూ ఆగదంటారు. నేను మాత్రం అది ఒక మధ్యాహ్నం ఫలక్‌నుమా మైదానంలో ఆగి, కాలు కింద పెట్టి, మా అత్తమ్మ పక్కన మట్టిలో కూర్చుని పప్పన్నం తినడం చూశాను.