చార్టుకెక్కిన కంచం

తాళాలు బాగుచేసే ఆయనకు తండ్రి నేర్పిన మొదటి పాఠం తాళం గురించి కాదు, వీపు గురించి. తలుపు తెరుచుకోగానే వీధివైపు తిరిగి నిలబడాలి. ఇంటివాళ్లు లోపలికి వెళ్లి, సర్దుకోవలసింది సర్దుకుని, పిలిస్తేనే మొహం తిప్పాలి. జుట్టు నెరిసేదాకా ఆయన ఆ మాట తప్పలేదు. అందుకే ఊళ్లో సగంమంది మారుమాట లేకుండా తమ గుమ్మాలు ఆయన చేతికి అప్పగించేవారు.

అన్ని ఇళ్లకు వీపు చూపించిన మనిషికి, పెద్దతనంలో లోకం చూడాలనే పిచ్చి పట్టుకుంది. దుకాణంలో రేడియో పొద్దస్తమానం పశ్చిమాసియా వార్తలు వాగుతుంది. అక్కడ ఎవరు ఎవరిమీద ఎందుకు కత్తులు నూరుతున్నారో ఒక్క ముక్క బుర్రకెక్కదు. లైబ్రరీ మేడమీద సాయంత్రాలు పెద్దవాళ్లకు ఆ దేశాల రాజకీయాలు, సమాజం, సంస్కృతి చెబుతున్నారని విని చేరిపోయాడు.

"మన వంటింటి కుళాయి కారుతోంది, దాని సంగతి చూడరు గానీ, ఎక్కడో చమురు బావుల గొడవ మీకెందుకండీ?" అంది భార్య. అన్నదే గానీ, క్లాసు రోజున ఉతికిన చొక్కా మంచంమీద పెట్టి ఉంచేది. పక్కింటావిడతో మాత్రం "మా ఆయన కాలేజీకి పోతున్నారు" అని గొప్పలు పోయేది.

క్లాసులో ఆయనది చివరి బల్ల. ముందు కూర్చున్న బ్యాంకు గుమస్తా అడిగిందానికీ అడగనిదానికీ జవాబు చెప్పేవాడు. మాస్టారు మురిసిపోయేవారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తనూ లేచి ఏదైనా చెప్పాలని తాళాలాయన ప్రాణం కొట్టుకునేది. ఆ బల్లమీదే రెండో కొసన లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ కూర్చునేది. ఎక్కడినుంచో వచ్చి స్థిరపడిన మనిషి. ఎక్కడినుంచో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆవిడ తాళంచెవి తాళంలోనే విరిగింది. దుకాణం దగ్గరికి పరుగున వచ్చింది. ఆయన వెళ్లి, విరిగిన ముక్కను సన్నటి కొక్కెంతో లాగి, తలుపు తీశాడు. వెనక్కి తిరగాల్సిన కాళ్లు తిరగలేదు. ఎదురుగా గోడమీద ఒక దేశపటం. క్లాసులో మాస్టారు వేలాడదీసే పటంలోని దేశమే. దానికింద చిన్న బల్ల, దానిమీద ఒక కంచం మామూలుగా, ఇంకోటి బోర్లించి. ఆయన గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు.

ఆవిడ చూసింది ఆయన చూడటం.

"మీరు క్లాసులో చెప్పుకునేది మా దేశం గురించేనండీ," అంది నెమ్మదిగా. "ఆ బోర్లించిన కంచం మా అబ్బాయిది. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. క్లాసులో అనకండి. నేనేదో నాలుగు మాటలు వినడానికి వస్తున్నా, అంతే."

"అయ్యో, నేనెందుకంటానమ్మా!" అన్నాడు. ఆ క్షణంలో నిజంగానే అన్నాడు.

మరుసటి క్లాసులో మాస్టారు ఆ దేశం గురించి గోడకు పెద్ద చార్టు అంటించి, ఆచారాలు అనే వరసలో రాయడానికి ఎవరికేం తెలుసో చెప్పమన్నారు. గుమస్తా అప్పుడే నోరు తెరుస్తున్నాడు. తాళాలాయనకు ఏం పూనిందో లేచి నిలబడ్డాడు.

"అక్కడ ఇంటికి రాని మనిషికోసం రోజూ కంచం బోర్లించి పెడతారండీ. వచ్చేదాకా మానరు."

"అద్భుతం! ఎక్కడ చదివారు?"

"చదవలేదండీ, కళ్లారా చూశాను."

మాస్టారు చార్టుమీద రాశారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆయన ఛాతీ ఉప్పొంగింది. ఆ పొంగులోనే పక్కకు చూశాడు. ఇస్త్రీ ఆవిడ సంచీ భుజాన వేసుకుని, ఎవరివంకా చూడకుండా మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత క్లాసుకి రాలేదు.

ఆయనకు అన్నం సయించలేదు. పేరు ఎత్తలేదుగా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు మింగుడుపడక, చివరికి లాండ్రీకి వెళ్లాడు.

"ఒట్టమ్మా, మీ పేరు ఎత్తలేదు నేను."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఎత్తలేదు, విన్నాను. మా దేశంలో అలాంటి ఆచారమేదీ లేదండీ. అది నా ఒక్కదాని ఏడుపు. దాన్ని మీరు దేశమంతటికీ పంచేశారు. ఇప్పుడు కంచం పెట్టబోతే ఆ చార్టే కళ్లముందుకొస్తోంది. నిన్న పెట్టలేకపోయాను."

"చెప్పి కొట్టేయిస్తాను."

"ఏమని చెబుతారు? ఎవరింట్లో చూశారో చెబుతారా?"

ఆయన వెనుదిరిగాడు. దారి పొడుగునా వెతికితే ఒక్కటే జవాబు దొరికింది. అది తన నోటితో తన నోట్లోనే మట్టి కొట్టుకోవడం. అబద్ధాలాడేవాడి చేతికి ఇంటి తాళం ఎవరిస్తారు? సిగ్గుతో చచ్చిపోతూనే క్లాసులో లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ కంచం సంగతి కొట్టేయండి. అబద్ధం చెప్పాను."

"కళ్లారా చూశానన్నారుగా?" అన్నాడు గుమస్తా.

"కోతలు కోశానండీ."

నవ్వులు వినిపించాయి. మాస్టారు నవ్వలేదు. కలంతో ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేస్తూ, "మీనుంచి ఇది అనుకోలేదు," అన్నారు. ఆ మాట ఊళ్లోకి పాకింది. గుమస్తా తన ఇంటి తాళం వేరేవాడికిచ్చాడు. అతని చుట్టుపక్కలవాళ్లూ అదే దారి పట్టారు. భార్య కాలేజీ ఊసు ఎత్తడం మానేసింది.

కొన్నాళ్లకు ఇస్త్రీ ఆవిడ మళ్లీ క్లాసుకొచ్చింది, వేరే బల్లమీద కూర్చుంది. ఆ రోజే పటాలు పెట్టే బీరువా తాళం బిగుసుకుపోయింది. "బజారునుంచి ఎవరినైనా పిలిపిద్దాం," అన్నారు మాస్టారు. చివరి బల్లమీద తాళాలాయన తల దించుకున్నాడు.

"ఆయన ఉన్నారుగా," అంది ఇస్త్రీ ఆవిడ.

క్లాసంతా తిరిగి చూసింది. ఆయన వెళ్లి తాళం తీశాడు. తలుపు కిర్రుమనగానే, కాళ్లు వాటంతట అవే తిరిగాయి. బీరువాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఇస్త్రీ ఆవిడ లేచి దగ్గరికొచ్చింది. పటం అందుకుంటూ, ఆయనకు మాత్రమే వినపడేలా అంది:

"ఆ రోజు కూడా ఇలాగే నిలబడాల్సిందండీ."